పల్చని నెత్తురు

మాధవరంలో వాన పట్టుకుంటే
మా ల్యాబు గోడలకి చెమట పోస్తుంది.
అలాంటి పొద్దున చెంగల్రాయుడు వచ్చాడు,
లుంగీ మోకాళ్ళ పైకి మడిచి,
చొక్కా జేబులో ఊదా మూత సీసా,
పిచ్చుక పిల్లని తెచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మా బోడెమ్మ నెత్తురు మేడం.
ఎనిమిదో నెల చూడిది.
కంటి రెప్ప కింద తెల్లబడిందని
మా ఇంటిది నిద్దర పోనివ్వడం లేదు."

బోడెమ్మని నేనెరుగుదును.
పుళియందోపులో రెండు పోర్షన్ల నడుమ సందే దాని కొట్టం.
కోయంబేడు క్యాబేజీ ఆకులు తింటుంది,
ఆటోలకి దారివ్వదు.

సన్నగొట్టంలోకి నెత్తురు పీల్చి,
మైనంతో మూతి బిగించి, గిర్రున తిప్పాను.
కింద ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు నీరు.
ఇరవై ఆరు.
పాత రిజిస్టరు తిరగేస్తే
మూడో నెలలో ముప్పై మూడు.

"తగ్గిందా?" అన్నాడు.
తగ్గింది, తగ్గలేదు.
చారులో నీళ్ళు పోస్తే పప్పు ఎక్కడికి పోతుంది?
పదిమందికి చాలాలని పోసుకుంది, అంతే.

నా కడుపు నిండినప్పుడు
ఎగ్మూరు ఆసుపత్రి నర్సు చీటీ మీద ఎర్రగీత గీసి
గుప్పెడు మాత్రలు చేతిలో పోసింది.
నీళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు.
ఇంటికి నడుస్తూ, దారి పొడుగునా
నన్ను నేనే తిట్టుకున్నాను.

అతనికి చెప్పాలనుకున్నాను, సగమే చెప్పాను:
అండాశయం మీద చిన్న పసుపుముద్ద ఒకటి
ఈనేదాకా కరగకుండా కూచుంటుందని,
అది ఊదే ప్రొజెస్టెరాన్ గర్భాన్ని జోకొడుతుందని,
నెలలు నిండేకొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుందని.
ఈ కబుర్లన్నీ ఎముక లోపలి మూలుగకీ చేరతాయి.
అక్కడ ఎర్రకణాల పొయ్యి ఎప్పుడూ ఆరదు.
ఒకరు సెగ తగ్గించమంటారు,
ఇంకొకరు కట్టె ఎగదోయమంటారు.
ఎవరి మాట గెలుస్తుందో
పుస్తకాలు కూడా ఒక్క మాట మీద లేవు.

"మరి దూడకి దీని నెత్తురేగా?"
కాదయ్యా. ఒక్క చుక్కయినా పోదు.
గుండీలు గుండీలుగా మాయ అతుక్కుని ఉంటుంది,
మీ రెండు పోర్షన్ల మధ్య గోడలాగ.
గిన్నె అందుతుంది, మనిషి దాటడు.
అవతల దూడ తన నెత్తురు తానే కాచుకుంటుంది,
ముందు ఓ చిన్న సంచిలో, తర్వాత కాలేయంలో,
చివరికి వేలెడు లేని ఎముకల్లో.

అతను చాలాసేపు సీసా వంక చూశాడు.
"మూత తిరిగి ఇస్తారా" అని మాత్రం అడిగాడు.

నెల తిరిగాక మళ్ళీ సీసా.
పొదుగు దిగింది, తోక మొదలు వదులైంది.
గాజు పలక మీద రంగు ఆరబెట్టి
చేతి మీటరు టిక్కు టిక్కుమనిపిస్తూ లెక్కపెట్టాను.
మామూలుగా ఆవు నెత్తుర్లో
నిండు గుండ్రాల తెల్లకణాలదే రాజ్యం.
ఆ రోజు ఎటు జరిపినా
తెగిన పూసల్లాంటి కేంద్రకాలే, నూటికి అరవై రెండు.

కొత్త డాక్టరు భుజం మీంచి వంగి చూసి
"ఇన్ఫెక్షన్. సూది రాయనా?" అన్నాడు.
ఒక్క రాత్రి ఆగండి సార్.
దూడ తలుపు తట్టింది. తల్లి ఒళ్ళంతా కార్టిసాల్ పొంగింది.
ఇంటికి చుట్టం వస్తోందంటే
కాపలావాళ్ళు వీధిలోకి వచ్చి నిలబడరా?
ఆయన నవ్వలేదు. పెన్ను మాత్రం మూశాడు.

ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.
నేనే తప్పయితే?
నీళ్ళని నమ్మి, కాపలావాళ్ళని నమ్మి
చీము గుర్తుపట్టలేకపోతే?

నాలుగున్నరకి ఫోను మోగింది.
వెనక వాన, బకెట్ల చప్పుడు, ఎవరిదో అరుపు.
"పెయ్య, మేడం! నుదుట చుక్క!"
మాయ పడిందా అని అడిగాను.
"ఇప్పుడే. మొత్తం పడిపోయింది."

రిజిస్టర్లో రోగం అన్న గడి
ఖాళీగా వదిలితే ఆఫీసు ఒప్పుకోదు.
బోడెమ్మ పేరెదురుగా
దూడ అని రాశాను.